జాషువ కవి: విశ్వాసము, కుటుంబము, యుద్ధకాలపు కొలువు

గ్రామమున బడి చదువు నేర్పును. గ్రంథాలయము ఆ చదువును నిలుపును. ఒక గ్రంథాలయము 25 ఏండ్లు తలుపు మూయక నిలిచినదనిన, ఆ గ్రామమున పుస్తకమునకు ఆకలిగొన్నవారు 25 ఏండ్లు తరుగలేదని అర్థము. అట్టి రజతోత్సవ సమయమున ఆకలినెరిగి, అక్షరమును నమ్మి, దీర్ఘజీవితము గడపిన ఒక కవిని స్మరించుట యుచితము. ఆయన గుఱ్ఱం జాషువ. చేవెళ్ల, మొయినాబాదు సీమలో ఆయన పుట్టలేదు. అయినను ఈ సీమలోని వాడవాడలకు సంబంధించిన ప్రశ్నను ఆయన తన జీవితమంతయు అడిగెను. దేవుడు అందరివాడైనచో ఆయన గడప కొందరిదే యెట్లయ్యెను? ఇదియే ఆ ప్రశ్న.

జాషువ క్రైస్తవుడు. ఆయన విశ్వాసమును హిందువులలో కొందరు శంకించిరి. క్రైస్తవులలో కొందరును శంకించిరి. ఆయన గృహస్థు, భార్యాబిడ్డల పోషణకై పలు కొలువులు చేసెను. ఆ కొలువులలో ఒకటి రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రభుత్వపు యుద్ధప్రచారకుని పని. విశ్వాసము, కుటుంబము, కొలువు అను ఈ మూడును ఆయన జీవితమున ఒండొంటితో పెనవేసికొని యున్నవి. వానిని విడదీసి చూచినచో ఆయన అర్థము కాడు.

ఆయన 1895 సెప్టెంబరు 28న నేటి పల్నాడు ప్రాంతమునందలి వినుకొండలో జన్మించెను. తండ్రి వీరయ్య, తల్లి లింగమాంబ. తల్లిదండ్రులు వేరువేరు కులములవారు: తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇంట క్రైస్తవమతము నెలకొని యుండెను. మతము మారినంతమాత్రమున ఊరు మారలేదు. బావి మారలేదు. బడిలో తోటి బాలుర చూపు మారలేదు. క్రీస్తు నామము ధరించిన బాలుని కులనామముతోనే పిలిచిరి. ఈ అవమానము జాషువకు బాల్యముననే తెలియవచ్చెను. దానికి ఆయన ప్రతీకారము వింతయైనది. తనను దూరముంచిన సంస్కృతాంధ్ర సాహిత్యమునే ఆయన పట్టుదలతో అభ్యసించి, ఛందస్సును వశపరచుకొని, ఉభయభాషాప్రవీణుడయ్యెను. తనకు మూసిన తలుపునే తట్టి, లోనివారికంటె చక్కగా ఆ యింటి భాషను పలికెను.

1910లో ఆయనకు మేరీతో వివాహమయ్యెను. అప్పటికి వరునికి సుమారు పదునైదేండ్లు. మిషనరీ పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా పనిచేసెను. ఆ పనియు నిలువలేదు. అంతట బ్రదుకుతెరువు వెదకికొనుచు రాజమహేంద్రవరము చేరెను. 1915-16 సంవత్సరములలో అచ్చట ఆయన చేసిన పని నేటి యువకులకు ఆశ్చర్యము గొల్పును. చలనచిత్రములకు అప్పటికింకను మాట రాలేదు. తెరమీద బొమ్మలు కదలుచుండగా ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను చదివి వినిపించుటకు ఒక మనుష్యుడు కావలసి యుండెను. ఆ వాచకుడు జాషువ. ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధము సాగుచున్న ఆ దినములలో, గోదావరి తీరమున చీకటిశాలలో, మూగబొమ్మలకు తన గొంతునిచ్చి ఆయన సంసారము నడపెను. మాటలేనివారికి మాటనిచ్చు పని ఆయనకు అప్పుడే అబ్బినది.

పిదప గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పదేండ్లు పనిచేసెను. 1928 మొదలు 1942 వరకు గుంటూరులోనే ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితుడుగా నుండెను. జీతము కొంత స్థిరపడినకొలది కావ్యములు వెలువడినవి. 1919లో రుక్మిణీకళ్యాణము, 1922లో కుశలవోపాఖ్యానము, 1929లో బుద్ధుడు, 1932లో ఫిరదౌసి, ముంతాజమహలు, 1933లో స్మశానవాటి ఆయన రచించినవి. ఈ పేర్లను వరుసగా చదివినవారికి ఒక విషయము స్ఫురించును. కృష్ణుని పెండ్లి, రాముని బిడ్డలు, శాక్యముని, పారసీక కవి, మొగలుల రాణి – వీరందరును ఒక క్రైస్తవుని కలమున చోటు సంపాదించుకొనిరి.

చిక్కు ఇచ్చటనే వచ్చినది. క్రైస్తవుడై హిందూ పురాణకథలు రచించుచున్నాడని క్రైస్తవ మతాధికారులు ఆయనను సంఘమునుండి వెలివేసిరి. అగ్రవర్ణులలో కొందరు, పద్యము బాగున్నది గాని పద్యకర్త కులము బాగులేదనిరి. ఒకవైపు పుట్టుకను బట్టి, మరియొకవైపు చదువును బట్టి వెలి! ఇట్టి రెండు వెలులు పడినవాడు సామాన్యముగా మూడు త్రోవలలో ఒకటి పట్టును: ఏదో ఒక పక్షమునకు తలయొగ్గును, లేక ఉభయులను ద్వేషించును, లేక మౌనము వహించును. జాషువ ఈ మూడును చేయలేదు. తాను ఒక కులమునకు, ఒక మతమునకు గోడ కట్టుకొని యుండువాడను కానని, విశ్వమానవుడనని చాటుకొనెను. అయినను క్రీస్తును విడువలేదు. విశ్వాసము ఆయనకు గోడ కాలేదు, గుమ్మమయ్యెను.

ఫిరదౌసి కావ్యమును ఈ ప్రాంతపు పాఠకులు ప్రత్యేకముగా గమనింపవలెను. ఈసా మూసీ నదుల నడుమ, ఉస్మాన్‌సాగరు హిమాయత్‌సాగరుల గట్ల వెంబడి వెలసిన పల్లెలలో తెలుగును ఉర్దూయు తరతరములుగా ఇరుగుపొరుగువారు. దర్గాకు మ్రొక్కని హిందువులు, జాతరలో తిరుగని ముసల్మానులు ఇచ్చట అరుదు. అట్టివారికి గజనీ మహమ్మదు ఆస్థానకథ పరాయిది కాదు. పద్యమునకొక బంగారునాణెమిత్తునని సుల్తాను మాటయిచ్చెననియు, కవి 60,000 పద్యముల షానామా ముగించిన పిదప బంగారమునకు మారుగా వెండి పంపెననియు ప్రతీతి. మాట తప్పిన ప్రభువు, మనసు విరిగిన వృద్ధకవి – ఈ యిరువురి కథను జాషువ చెప్పుచుండగా, నెలకు 3 రూపాయలకు పాఠములు చెప్పిన యువకుని వేదనయు అందు వినిపించును. ప్రభువు కొలువునకును కవి ఆత్మకును గల తగవు ఆయనకు చదువువలననే కాదు, అనుభవమువలనను తెలియును. ఈ తగవే పదేండ్ల పిదప యుద్ధరూపమున ఆయన ముంగిటికి వచ్చెను.

యుద్ధమునకు ముందు, కాదు, యుద్ధము నడుమనే, 1941లో గబ్బిలము వెలువడినది. కాళిదాసు యక్షుడు మేఘముతో సందేశము పంపెను. జాషువ నాయకుడు యక్షుడు కాడు. చెప్పులు కుట్టు కులమున పుట్టి, ఊరికి వెలుపల గుడిసెలో ఆకలితో పడియున్న నిరుపేద. వానికి హంస దూతగా రాదు, చిలుక రాదు. రాత్రివేళ గుడిసెలో దీపమార్పుచు తిరుగు గబ్బిలము వచ్చును. లోకులు అశుభమని తరుము ఆ పక్షికి ఒక భాగ్యము కలదు: గుడిలో శివుని చెంతనే తలక్రిందుగా వ్రేలాడవచ్చును. మనుష్యునకు లేని గర్భాలయప్రవేశము పక్షికి కలదు! కావున దక్షిణదేశమునుండి కాశీవిశ్వనాథునికి తన మొర చేర్చుమని ఆ పేదవాడు గబ్బిలమును వేడుకొనును. క్రైస్తవకవి తన జనుల దుఃఖమును శివునికి నివేదించుటలోని ఔదార్యము ఒక యెత్తు; శివుని పూజారులకు అందులో గల యెత్తిపొడుపు మరియొక యెత్తు.

ఆ మొరకు ఈ సీమనుండియే ఒక ప్రత్యుత్తరము వెలువడినదని చెప్పవచ్చును. మొయినాబాదు మండలమునందలి చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులొకరు 2018 ఏప్రిల్ మాసమున, హైదరాబాదులో జియాగూడ రంగనాథస్వామి ఆలయమునకు ఒక దళితభక్తుని తన భుజములపై మోసికొని ప్రవేశించిరి. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని భుజములపై శ్రీరంగనాథుని సన్నిధికి గొనిపోయెనను ప్రాచీనగాథకు అది పునరావృత్తి. ఒక్క దినపు ఉత్సవముతో వెలి అంతరించునని యెవ్వరును తలపరాదు. కాని 1941లో గబ్బిలమునకు మాత్రమే తెరచియున్న తలుపు, 77 ఏండ్లకు మనుష్యునికై ఒక అర్చకుని భుజములపై తెరువబడుట చరిత్రలో వ్రాసికొనదగిన విషయము.

ఇక యుద్ధకాలపు కొలువును గూర్చి. 1939 సెప్టెంబరు 3న బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించినది. రాజప్రతినిధి లిన్‌లిత్‌గో దేశనాయకులను సంప్రదింపకయే భారతదేశమును యుద్ధమున చేర్చెను. కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసినవి. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. బర్మా బియ్యము రాక నిలిచిపోయెను. బర్మాలో కూలి చేసికొనుచున్న తెలుగువారు వేలకొలదిగా కాలినడకను తరలి వచ్చిరి. ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడినవి. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమము చెలరేగెను. దేశనాయకులు కారాగారములలో నుండిరి. అట్టి కాలమున జాషువ ప్రభుత్వపక్షమున యుద్ధప్రచారకుడుగా పనిచేసెను. ప్రజలకు యుద్ధవార్తలు చేర్చుట, వదంతులను తొలగించుట, సేనలలో చేరుటకు యువకులను ప్రోత్సహించుట అట్టి ప్రచారకుల విధులు.

నైజాము రాష్ట్రమునను యుద్ధము తన నీడను పరచెను. బ్రిటిషు వైమానికదళమున 110, 152, 253 సంఖ్యలుగల దళములు హైదరాబాదు పేరును ధరించినవి. అవి నిజాము దానమునకు గుర్తులు. ప్రభువు విమానములకు ధనమీయగలిగెను. పేదపండితుడు ఈయగలిగినది తన గొంతు మాత్రమే.

ఈ కొలువు నిమిత్తమై కవిని తప్పుపట్టవచ్చునా? తీర్పు చెప్పుటకు ముందు ఆ కాలమును సరిగా చూడవలెను. దేశాభిమానులందరును ఆనాడు ఒకే త్రోవను నడువలేదు. డాక్టరు అంబేద్కరు 1942 జూలైలో రాజప్రతినిధి కార్యవర్గమున కార్మికశాఖ సభ్యుడై 1946 వరకు పనిచేసెను. కమ్యూనిస్టులు దానిని ప్రజాయుద్ధమని పిలిచిరి. సుభాష్‌చంద్రబోసు శత్రుపక్షమున చేరి స్వాతంత్ర్యసేనను నడపెను. తెల్లదొరతనము తొలగినచో తమ ఊరిబావి తమకు తెరువబడునా యని ప్రశ్నించువారు కోట్లకొలది యుండిరి. వారి దృష్టిలో స్వాతంత్ర్యమునకు రెండు తలుపులు: ఒకటి లండనులో, మరియొకటి ఊరి నడుమ. ఒకటి తెరచిన రెండవది దానియంతట తెరచుకొనదు. గబ్బిలము చదివినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

కొలువును బట్టి కాక కావ్యములను బట్టి కవిని తూచుట న్యాయము. జీతము తీసికొనినవాని కలము జీతమిచ్చినవానికి అమ్ముడుపోయెనా యనునదియే అసలు పరీక్ష. 1945లో ఆయన రచించిన కావ్యము పేరు కాందిశీకుడు. భయముచే నెలవు విడిచి పరువెత్తువానికి ఆ పేరు. బర్మానుండి తరలివచ్చిన అభాగ్యులను తెలుగుదేశము ఆ మాటతోనే పిలిచెను. ప్రచారకుడు విజేతను కీర్తించును. కవి కాందిశీకుని తలచెను. 1947లో ఆయన నేతాజీ రచించెను. నిన్నటివరకు ఏ ప్రభుత్వపు కూడు తినెనో, ఆ ప్రభుత్వము శత్రువని ప్రకటించిన వీరుని పేరే ఆ కృతికి పేరు. 1948లో, మహాత్ముని మరణమైన యేటనే, బాపూజీ వెలువడెను. యుద్ధమున ఒక పక్షమునకు గొంతు అరువిచ్చెను గాని, హృదయమును అరువీయలేదని ఈ మూడు కృతులును సాక్ష్యమిచ్చుచున్నవి. ఫిరదౌసి కథలో సుల్తాను మాట తప్పెను. జాషువ జీవితమున కవి మాట తప్పలేదు.

పండితలోకము ఆయనను ఆలస్యముగ నైనను గుర్తించెను. శతావధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వహస్తములతో ఆయన కాలికి గండపెండేరము తొడిగెను. వైదికబ్రాహ్మణుడైన వృద్ధగురువు, అస్పృశ్యుడని లోకమెంచిన కవి పాదమును నిండుసభలో స్పృశించుట, సాహిత్యమునకు జరిగిన సత్కారము మాత్రమే కాదు. సంఘమునకు చెప్పిన పాఠము.

యుద్ధానంతరము 1957-59 సంవత్సరములలో మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమనిర్మాతగా నుండెను. మూగబొమ్మల ప్రక్కన మొదలైన గొంతు రేడియోద్వారా తెలుగునాడంతట చేరినది. ఆ నడుమ, 1958లో, క్రీస్తుచరిత్ర వెలువడెను. అప్పటికి ఆయనకు 63 ఏండ్లు. పురాణములు వ్రాసెనని ఒకనాడు వెలివేసిన వారికి ఇంతకంటె సౌమ్యమైన సమాధానము లేదు. కృష్ణునిగూర్చియు బుద్ధునిగూర్చియు వ్రాసిన చేతితోనే, అదే తెలుగుఛందమున, బెత్లెహేము శిశువును గూర్చి వ్రాసెను. పరదేశమునుండి వచ్చిన మతమని తలచినవారికి క్రీస్తు తెలుగుపద్యమున ఇంటివాడై కనిపించెను. ఈ గ్రంథమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ యేటనే ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడయ్యెను. 1966లో తన జీవితమును నా కథ యను పేర పద్యములలో చెప్పికొనెను. 1970లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమును, భారతప్రభుత్వము పద్మభూషణమును ఇచ్చినవి. 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూసెను.

మనుష్యుని విశ్వాసము ఇంటిలో తెలియునని పెద్దలందురు. జాషువ కుమార్తె హేమలత 1932లో జన్మించెను. ఆమె 1960లో లవణమును వివాహమాడెను. లవణము తండ్రి గోరా, అనగా గోపరాజు రామచంద్రరావు, ప్రసిద్ధ నాస్తికుడు, గాంధీజీతో దేవుని గూర్చి వాదించినవాడు. క్రీస్తుచరిత్ర వ్రాసిన కవి కుమార్తె నాస్తికుని యింటి కోడలయ్యెను! కులములు వేరు, దైవమునుగూర్చిన తలంపులు అంతకంటె వేరు. కాని మనుష్యుడు మనుష్యునికి అంటరానివాడు కాడనుటలో రెండు కుటుంబములును ఒక్కటే. ఆ దంపతులు స్టూవర్టుపురమున నేరస్థజాతులని ముద్రవేయబడినవారి సంస్కరణకు పూనుకొనిరి. పిమ్మట తెలంగాణమున నిజామాబాదు జిల్లాలో జోగిని దురాచారమును రూపుమాపుటకు హేమలత కృషిచేసెను. 1988లో దేవదాసీ సమర్పణను నిషేధించుచు ఆంధ్రప్రదేశ్ శాసనము వచ్చెను. 2008లో ఆమె మరణించెను. వినుకొండలో పుట్టిన తండ్రి పద్యము, తెలంగాణపు పల్లెలో కుమార్తె పని అయ్యెను. తండ్రి గబ్బిలముచే పంపిన సందేశమును బిడ్డ తానే కాలినడకను మోసికొని వచ్చెనని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఇట్టి కవి గ్రంథములు నైజాము పల్లెలకు చేరుట ఆనాడు సులభము కాదు. రాజభాష ఉర్దూ, తెలుగుపుస్తకమునకు రాజాదరణ లేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపితమై మార్గము చూపెను. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. మొయినాబాదు సీమలోని పెద్దమంగళారమున జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి 1936లో షాద్‌నగరు మహాసభకు అధ్యక్షత వహించెను. గ్రంథాలయముల కొరకు, మాతృభాషలో చదువు కొరకు ఆ సభలు ఉద్యమించినవి. సర్కారుజిల్లాలలో పుట్టిన గబ్బిలమునకు ఇచ్చట చూరు కట్టి యుంచినది ఆ గ్రంథాలయోద్యమమే.

జాషువ జీవితము 75 ఏండ్లు దాటినది. అందు రెండు ప్రపంచయుద్ధములు గడచినవి. ఒక సామ్రాజ్యము అంతరించినది. ఒక దేశము స్వతంత్రమైనది. మొదటి యుద్ధకాలమున ఆయన మూగబొమ్మలకు మాటనిచ్చెను. రెండవ యుద్ధకాలమున ప్రభుత్వమునకు మాటనిచ్చెను. జీవితమంతయు మాత్రము మాటలేని జనులకు మాటనిచ్చెను. మొదటి రెండును సంసారముకొరకు, మూడవది సత్యముకొరకు. సంసారమును ఆకలిపాలు చేయక, సత్యమును అమ్ముకొనక బ్రదుకుట యెంత కష్టమో గృహస్థులైన పాఠకులకు చెప్పనక్కరలేదు.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమున గబ్బిలము, క్రీస్తుచరిత్ర ఒకే అలమారలో భాగవతము ప్రక్కన, షానామా కథ ప్రక్కన నిలిచియుండుట తగును. ఏ కులపు బాలుడైనను చేయి చాచి వానిని తీసికొనవచ్చును. గుడి గడప దాటుటకు ఒకనాడు పక్షిని బతిమాలవలసి వచ్చినది. గ్రంథాలయపు గడప దాటుటకు ఎవ్వరిని బతిమాలవలసిన పని లేదు. ఆ గడప అట్లే తెరచియుంచుటయే జాషువ కవికి ఈ సీమవారు చేయదగిన నిజమైన స్మరణ.